లైబ్రరీ రిజిస్టరులో మా ఆయన పేరు

పోయిన వారం మా మనవరాలు లైబ్రరీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్ల అది, పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని పోతే మళ్ళీ సాయంత్రానికి గానీ ఇల్లు చేరదు. ఇప్పుడక్కడ కంప్యూటర్లు పెట్టారట, ఇంటర్నెట్టు ఊరికేనట, దరఖాస్తులు అక్కడే కూర్చుని పంపుకోవచ్చునట, పాత ప్రశ్నపత్రాలు తీసి ఇస్తారట, చూపు ఆననివాళ్ళ కోసం పెద్ద అక్షరాల పుస్తకాలు కూడా తెప్పించారట. "నువ్వు గూడ రా అమ్మమ్మా, ఒక్క పైస అడగరు" అంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఊకె ఎందుకిస్తరే? వాళ్ళకేం లాభం?" అని. పిల్ల పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. డెబ్బైల మొదట్లో గోదావరిఖని క్వార్టర్లలో కాపురం చేసినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్ళూ నవ్వరని నా నమ్మకం.

నాకు అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం అనేవాడు మా ఆయన. పుట్టుకతో కాదు గానీ పెంపకంతో వచ్చిందంటే ఒప్పుకుంటాను. మాది మంథని పక్క పల్లె. మా నాయన ఊరి పట్వారీ వెంట దస్త్రాల మూట మోసేవాడు. కాగితం మీద పేరెక్కినవాడి పొలం ఎట్లా కరిగిపోతుందో, వేలిముద్ర వేసినవాడి గొడ్డు ఎట్లా మాయమవుతుందో కళ్ళారా చూసిన మనిషి. ఆడపిల్లనైనా నన్ను ఏడో తరగతి దాకా చదివించింది కూడా అందుకే, ఎవడైనా కాగితం చేతిలో పెడితే ముందు చదివి చూసుకోమని. అన్నం పెట్టే చేతిని కూడా ఒకసారి తిప్పి చూడమనే ఇంట్లోంచి వచ్చినదాన్ని, వచ్చి పడ్డది బొగ్గుబాయిల మధ్య. మా వైపు గనిని బాయి అనే అంటాం.

అక్కడ చాలామంది మగవాళ్ళకు రెండేసి పేర్లు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఊళ్ళో ఉండిపోయేది, బాయి హాజరుపట్టీ, అదే మస్టరులో పిలిచే పేరు ఇంకొకటి. మా ఆయన సంగతే చూడండి. బాయి పనికి కుదిరింది నిజానికి ఆయన పెద్దనాన్న కొడుకు, నాకు బావగారు. పేరెక్కింది, టోపీ దీపం ఇచ్చారు, ఒక్కరోజు దిగాడు. ఆ చీకటిని చూసి పైకొచ్చి వాంతులు చేసుకుని, ఇక ఆ దిక్కు చూడనని ఒట్టు పెట్టుకుని మళ్ళీ నాగలి పట్టుకున్నాడు. వచ్చిన నౌకరీని కాలదన్నుకోవడమెందుకని, మూడో రోజు అవే కాగితాలతో మా ఆయన వెళ్ళి వరసలో నిలబడ్డాడు. అన్న పేరు పిలిస్తే "హాజర్" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ముప్పై ఏళ్ళు బతికాం. అది తప్పా అంటే తప్పే. కానీ బొగ్గు తవ్విన చేతులు మాత్రం ఆయనవే కదా. ఆ రెండు పేర్లూ ఇక్కడ రాయను, ఏమీ అనుకోవద్దు.

అందుకని మా ఇంట్లో కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఎవరు పేరు అడిగినా ముందు ఎందుకని అడగాలి. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ఆయన్ని వాకిట్లో నిలబడి పిలవకూడదు. అత్తమ్మకు రాసే ఉత్తరాల్లో కింద "మీ కొడుకు" అని రాసి ఊరుకోవాలి. రిజిస్టరు కనిపిస్తే ఆ గడప తొక్కకూడదు. మొగుడి పేరు నోటితో చెప్పకూడదనే ఆచారం నాకు ఎంత అక్కరకొచ్చిందో చెప్పలేను. రేషను దుకాణంలో, దవాఖానలో ఎవరడిగినా తల వంచుకుని నిలబడేదాన్ని, పక్కవాళ్ళే బాయి పేరు చెప్పేసేవారు. ఎంత బుద్ధిమంతురాలు ఈ పిల్ల అని మెచ్చుకునేవారు కూడా. నేనెందుకు తల వంచుకున్నానో వాళ్ళకేం తెలుసు.

ఇట్లాంటి చోటికి లైబ్రరీ వచ్చింది. బజారు చివర పాత గోదాములో రెండు గదులు, ముందు చిన్న వసారా, ఒక బల్ల, నాలుగు బెంచీలు. దాన్ని చూసుకునే ఆయన మంథని నుంచి వచ్చిన పెద్దమనిషి, నుదుట విభూతి, భుజాన కండువా, అందరం పంతులు అనేవాళ్ళం. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకుంటే అంతటితో పోయేది. ఆయన అంతటితో ఊరుకోలేదు. చదువు రానివాళ్ళకు వచ్చిన ఉత్తరం చదివి పెట్టేవాడు, జవాబు రాసి పెట్టేవాడు, మనియార్డరు ఫారాలు నింపేవాడు. మొదటి షిఫ్టు దిగివచ్చిన కార్మికులు వసారాలో కూర్చుంటే పేపరు మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివి వినిపించేవాడు. మధ్యాహ్నం ఆడవాళ్ళ కోసమని రేడియో బల్ల మీద పెట్టేవాడు. ఒక అట్టపెట్టెలో నాలుగైదు జతల కళ్ళజోళ్ళు ఉండేవి, ముసలివాళ్ళు ఒక్కొక్కటే ముక్కు మీద పెట్టి చూసుకుని, ఏది సరిపోతే దానితో అక్కడే కూర్చుని చదువుకోవచ్చు. ఉద్యోగాల ప్రకటనలు నల్లబల్ల మీద సుద్దతో రాసేవాడు. వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకుంటానన్నవాడి చేతికి పలక ఇచ్చి, చెయ్యి పట్టి దిద్దించేవాడు. వీటిలో దేనికీ ఒక్క పైసా లేదు.

మీరే చెప్పండి, అనుమానం రాదా?

బజారులో ఉత్తరం రాసేవాడు డబ్బు తీసుకుంటాడు, అందుకే వాడి మీద ఎవరికీ అనుమానం లేదు. ఈయన తీసుకోడు, కాబట్టి ఇంకెవరో ఇస్తున్నారన్నమాట. ఊరక రారు మహానుభావులన్నారు కదా. బొగ్గు కంపెనీ మనిషేనని కొందరు, కాదు పోలీసుల మనిషని కొందరు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లకు పేర్లు రాసుకుంటున్నాడని ఆడవాళ్ళలో ఒక పుకారు పుట్టింది, దానితో వారం రోజులు వసారా ఖాళీ. కంపెనీ ఇచ్చే వంటబొగ్గు మాత్రం తట్టలకెత్తి తెచ్చుకునేవాళ్ళం, అదెందుకిస్తున్నారని ఒక్కరూ అడగలేదు. మనిషి అనుమానానికి కూడా తన లాభం తనకు తెలుసు.

మా పక్క క్వార్టరు అక్క ఆయన్ని పరీక్షించడానికి పూనుకుంది. తమ్ముడు రాసిన పాత ఉత్తరం ఒకటి, నేను ముందే చదివి వినిపించినదే, కొంగున కట్టుకుని పోయి చదవమని ఇచ్చింది. ఎక్కడైనా మాట మార్చి చదువుతాడేమో, లేకపోతే తమ్ముడి ఊరూ పేరూ కూపీ లాగుతాడేమో చూద్దామని. ఆయన ఉన్నది ఉన్నట్టు చదివాడట, కుండలోంచి చల్లని నీళ్ళు ముంచి ఇచ్చాడట, మడత కూడా పాత మడత మీదే వేసి ఇచ్చాడట. వచ్చి మెట్టు మీద కూలబడి, "ఏమోనే చెల్లే, గింత మంచోడు ఎందుకుంటడే? నాకైతే ఇంక భయమైతాంది" అంది. నాకూ అట్లాగే అనిపించింది. చెడ్డవాడైతే ఎక్కడ చెడ్డవాడో తెలిసేది, జాగ్రత్త పడేవాళ్ళం.

అసలు అనుమానమంతా ఆ రిజిస్టరు మీద. లోపలికొచ్చి బెంచీ మీద కూర్చున్న ప్రతివాళ్ళ పేరూ, తండ్రి పేరో భర్త పేరో, క్వార్టరు నంబరూ అందులో రాయాలి. ప్రతి పుటకూ పైన ఎర్ర సిరాతో అంకె. ఎంతమంది వచ్చారో పైవాళ్ళకు చూపిస్తేనే రెండో పేపరు, కొత్త పుస్తకాలు పంపుతారని ఆయన చెప్పేవాడు. మా ఆయన మాత్రం మొదటి రోజే తేల్చి చెప్పాడు. "నువ్వు గాడికి పోవద్దు. పేరు రాసుడంటే ఊకె రాసుడు గాదు. రేపు గదే మెడకు సుట్టుకుంటది."

నేను పోనన్నాను, చాలా రోజులు పోలేదు కూడా. కానీ చదువు తెలిసిన మనిషికి చదవడానికి ఏమీ లేకపోవడం ఎంత ఆకలో, ఆ ఆకలి ఎరిగినవాళ్ళకే తెలుస్తుంది. పప్పు పొట్లం విప్పితే ఆ కాగితం సాపు చేసి చదువుకునేదాన్ని. కథ సగంలో చినిగిపోయి ఉండేది, ఆ పిల్ల ఏమైందో, ఆ తల్లి క్షమించిందో లేదో తెలియక రాత్రంతా దొర్లేదాన్ని. మా ఆయన మొదటి షిఫ్టుకు పోయిన ఒక మధ్యాహ్నం, పంచదార పొట్లంలో సగం చదివిన కథ మిగతా సగం కోసం, ఎవరూ చూడకుండా పోయి ఆ వసారా ఎక్కాను.

"రా బిడ్డ, రా. గిక్కడ తీస్కునుడు లేదు, ఇచ్చుడే" అన్నాడు పంతులు. పేరు అడిగాడు, చెప్పాను. భర్త పేరు అడిగాడు, అలవాటుగా తల వంచుకున్నాను. పక్కన చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఆయన ఆచారం ఎరిగిన మనిషి. రిజిస్టరు నా వైపు తిప్పి, సిరా కలం చేతికిచ్చి, "నోటితోని అనకు, రాయి" అన్నాడు.

అత్తమ్మకు రాసే ఉత్తరాలు తప్పితే, ఏడో తరగతి తర్వాత కలం పట్టింది అప్పుడే. మొదట నా పేరు రాసుకున్నాను, గుండ్రంగా, మా పంతులమ్మ దిద్దించినట్టే. చేతికి హాయిగా ఉంది, ఆగాలనిపించలేదు. ఆ పక్క గడిలో ఆయన పేరు రాశాను. పెళ్ళయినప్పటినుంచీ నోటితో అనని పేరు, మనసులోనే అనుకునే పేరు, వాళ్ళమ్మ పెట్టిన పేరు. ఇంటిపేరుతో సహా, ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడా తప్పకుండా రాశాను. రాసి, ఎంత బాగుందో అనుకుని ఒక్క క్షణం చూసుకున్నాను కూడా. ఆ పక్కన క్వార్టరు నంబరు వేశాను. తర్వాత పోయి వారపత్రికల కట్ట ముందేసుకుని, నా కథ వెతుక్కుని, రెండు పుటలు చదివాక గానీ నేను చేసిన పని నాకు తెలియలేదు. కంపెనీ లెక్కలో ఆ క్వార్టరులో ఉండేది ఆ పేరు మనిషి కాదు. అడిగి దిద్దుకుందామంటే, అడిగితేనే కదా దొరికిపోయేది. అప్పటికే ఇంకో ఐదారుగురు వచ్చి నా కింద పేర్లు రాసేశారు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పలేదు. ఎట్లా చెబుతాను? దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని తిరిగాను. ఆ నెలలోనే మా వెనక వరసలో ఒకాయనది దొంగపేరని తేలింది. ఎవరో ఆకాశరామన్న అర్జీ పడేశారన్నారు. ఆయన్ని పనిలోంచి తీసేశారు, క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. మంచం, కుండలు, రోలు రోడ్డు మీద పెట్టుకుని, ఆ ఇంటి ఇల్లాలు రోటి మీద కూర్చుని ఎటో చూస్తూ ఉంది. నేను నీళ్ళకు పోతూ ఆమె ముందునుంచి నడిచి, ఒక్క మాట పలకరించలేకపోయాను. పలకరిస్తే నా మొహంలో ఏం కనపడుతుందో అని భయం. ఆ పాపం ఇప్పటికీ నాకుంది.

అర్జీలు రాసేది ఎవరు? ఊకె రాసి పెట్టేది ఎవరు? మా క్వార్టర్ల లైన్లో అందరి వేళ్ళూ లైబ్రరీ వైపే తిరిగాయి. అందరికంటే ఎక్కువగా నమ్మింది నేనే. ఆ రిజిస్టరు పుటలో మా ఇల్లు ఉంది, మా అన్నం ఉంది, మా ఆయన తెల్లారకముందే లేచి కట్టుకుపోయే జొన్నరొట్టె ఉంది. ఆ పంతులు దాన్ని ఎప్పుడు ఎవరికి చూపిస్తాడో. కాగితాల సంచి భుజాన వేసుకున్న మనిషి ఎవరు లైన్లోకి వచ్చినా తలుపు వేసి గడియ పెట్టుకునేదాన్ని. ఇక ఉండబట్టలేక ఒకరోజు మళ్ళీ మధ్యాహ్నమే పోయాను.

ఆయన వసారాలో ఒక ముసలి అవ్వకు కళ్ళజోడు పెట్టి చూపిస్తున్నాడు. "ఇది ఆనుతందా? ఇదో? అయితె గిది జూడు" అని ఓపికగా అడుగుతున్నాడు. లోపల ఎవరూ లేరు. రిజిస్టరు విప్పి ఉంది. వెనక్కి తిప్పి నా పుట పట్టుకుని, కుట్టు దగ్గర వేలుపెట్టి సర్రున లాగాను. అవ్వకు చెవుడు, ఆయన వీపు నా వైపు. మడిచి రవికలో దోపుకుని, పుస్తకం ముట్టకుండానే ఇంటికొచ్చి, మండుతున్న బొగ్గుపొయ్యిలో వేశాను. మొత్తం పదకొండు పేర్లు ఉన్నాయి ఆ పుటలో. నల్లగా ముడుచుకుని బూడిదయ్యేదాకా కదలలేదు. హమ్మయ్య అనుకుని, ఆ పొయ్యి మీదే కూర వండాను. మా ఆయన తిని బాగుందన్నాడు.

తర్వాత కొన్ని వారాలకు కరీంనగర్ నుంచి తనిఖీకి వచ్చారు. ఆరోజు పక్క క్వార్టరు అక్క తమ్ముడికి జవాబు రాయించుకుంటూ అక్కడే ఉంది, అంతా ఆమె చెప్పిందే. వచ్చిన అధికారి అంకెలు చూసుకుంటూ పోతే ఒక పుట లేదు. లెక్క ఎక్కువ చూపించడానికి చింపి మళ్ళీ రాస్తున్నావా అన్నాడట. అసలు నిన్ను ఉత్తరాలు రాయమని ఎవరన్నారు, ఫారాలు నింపమని ఎవరన్నారు, ఊరికే చేస్తున్నావంటే నమ్మమంటావా, నీకేం ముడుతోంది అని అడిగాడట. విన్నప్పుడు నాకు చెంప మీద కొట్టినట్టయింది, అవి అక్షరాలా నా మాటలే. పంతులు మాత్రం, సిరా ఒలికింది, నేనే చింపి పారేశాను, తప్పు నాదేనన్నాడట. ఆరోజు వచ్చిందెవరో, పుస్తకం ముట్టకుండా పోయిందెవరో ఆయనకు తెలియదా? పేరు చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఇరవై రోజుల్లో ఆయన్ని ఎక్కడో అడవి మారుమూలకు బదిలీ చేశారు.

పోయేరోజు ఒక ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టించి, తాను పక్కన నడుస్తూ మా లైన్లోంచే వచ్చాడు. నేను నల్లా దగ్గర ఉన్నాను. బిందె వదిలేసి లోపలికి పోదామనుకునేలోపే దగ్గరికి వచ్చేశాడు. రిక్షాను ముందుకు పొమ్మని, నా దగ్గర ఆగి, నెమ్మదిగా అడిగాడు.

"కాలవెట్టినవా బిడ్డ, పారేసినవా?"

మా వాకిట్లోని బొగ్గుపొయ్యి వైపు చూశాను కాబోలు.

"గట్లయితే మంచిదే. పారేస్తే ఎవలన్న జూస్తరని ఫికరైంది" అన్నాడు. అని పోయాడు. నిండిన బిందె పొంగి పోతూనే ఉంది, వెనక ఉన్నవాళ్ళు అరిచేదాకా నాకు తెలియలేదు. మన్నించమని అయినా అనాలి కదా, ఆ మాట కూడా అనలేకపోయాను. ఆయన్ని మళ్ళీ చూడలేదు.

తర్వాత వచ్చినాయన తన పని తాను చేసుకునే మనిషి. పది గంటలకు తలుపు తీసేవాడు, పుస్తకం అడిగితే ఇచ్చేవాడు. కళ్ళజోళ్ళ పెట్టె ఎటు పోయిందో తెలియదు. పేపరు ఎవరికి వారే చదువుకోవాలి, రానివాళ్ళు బొమ్మలు చూడాలి. ఉత్తరాలకు మళ్ళీ బజారుకే పోయి డబ్బిచ్చి రాయించుకున్నారు. ఎవరికీ ఏ అనుమానమూ లేకుండా పోయింది. వెనక వరసాయన మీద అర్జీ రాసిందెవరో ఇప్పటికీ తెలియదు, పంతులు కాదని మాత్రం ఆ నల్లా దగ్గరే నాకు తెలిసిపోయింది.

మా ఆయనకు ఈ సంగతి ఆయన రిటైరయ్యాకనే చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆయనకు చదువు రాదు, తోటివాడి దగ్గర సంతకం నేర్చుకున్నాడు గానీ అది బాయి పేరు సంతకమే. మెల్లగా అడిగాడు, "ఎట్లుండెనే? నా పేరు రాస్తె ఎట్లుంటది? నేను ఎన్నడు జూడలే." గుండ్రంగా, బాగా ఉండెనన్నాను. "ఒకపారి రాసి సూపియ్యరాదు" అన్నాడు, చిన్నపిల్లాడిలా. పింఛను కాగితాలు ఇంకా ఆఫీసులోనే ఉన్నాయి, గోడలకు చెవులుంటాయి, ఈ వయసులో ఈ కోరికేమిటని కసిరాను. తర్వాత చూద్దాంలే అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు.

ఇప్పటి పిల్లలు దుకాణంలో సబ్బు కొన్నా ఫోన్ నంబరు చెప్పేస్తున్నారు, ఏ యంత్రం అడిగితే దానికి వేలు ఆనిస్తున్నారు, ఎందుకని ఒక్కరూ అడగరు. వాళ్ళను చూస్తే ముచ్చటగానూ ఉంటుంది, భయంగానూ ఉంటుంది. మా తరం మరీ ఎక్కువ అనుమానించింది, ఎంతగానంటే మాకు మేలు చేసినవాణ్ణి ఊరు దాటించింది. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. మరణ పత్రం మీద, బ్యాంకు పుస్తకం మీద, గోడ మీది ఫోటో కింద, అంతటా మా బావగారి పేరే ఉంది. వాళ్ళమ్మ పెట్టిన పేరు ఎరిగినవాళ్ళు ఊళ్ళో కూడా ఎవరూ మిగల్లేదు. ఆయన అడిగిన సాయంత్రం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం, తలుపు కూడా వేసే ఉంది. ఒక చిన్న కాగితం ముక్క మీద రాసి ఆయన చేతిలో పెట్టి, తృప్తిగా చూసుకున్నాక పొయ్యిలో వేసేసినా సరిపోయేది. ఆ మాత్రం కూడా చెయ్యలేదు నేను.